తట్టలు లెక్కపెట్టిన రోజులు

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు నా దగ్గర ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉండేది. అట్ట మీద ఫిజిక్స్ అని రాసి ఉండేది కానీ లోపల ఫిజిక్స్ లేదు. ఎడమ పేజీలో ఆ వారం చదివిన బైబిలు అధ్యాయాలు, ఉపవాసం ఉన్న రోజులు, తెల్లారుజామున ఎన్ని నిమిషాలు ప్రార్థన చేశానో ఆ లెక్క. కుడి పేజీలో ఎవరెవరికి సువార్త చెప్పానో వాళ్ళ పేర్లు. విన్నవాళ్ళ పేరు పక్కన ఒక టిక్కు, కరపత్రం తీసుకుంటే రెండు, మా ప్రేయర్ సెల్‌కి, అంటే కలిసి ప్రార్థన చేసుకునే చిన్న గుంపుకి, ఒక్కసారైనా వస్తే మూడు. 1995 జూన్‌లో మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి 41 పేర్లయ్యాయి. ఈ పుస్తకం పెట్టుకోమని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చూపించలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తీసి చూసుకుంటే, ఈ రోజుకి దేవుడికి నా మీద కోపం లేదులే అనిపించేది, అప్పుడు నిద్రపట్టేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మా ఇంటికొచ్చే కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్ తీసి చూపించింది. బైబిలు యాప్‌లో వరసగా 212 రోజులు చదివిందట, శనివారం ల్యాబ్ నుంచి వచ్చి అలాగే నిద్రపోయిందట, పొద్దున లేచి చూస్తే లెక్క మళ్ళీ సున్నా. "దేవుడు నన్ను వదిలేసినట్టుంది టీచర్" అని ఏడ్చింది. నవ్వుతూ ఏడవడం కాదు, నిజంగానే. ఆ పిల్ల ముఖంలో నాకు నా ఫిజిక్స్ నోటుబుక్కు కనపడింది.

మాది ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు. పల్లెలో అందరం బాప్టిస్టులమే. మా తాత చదువుకోలేదు కానీ ధాత కరువు గురించి చెప్పడం మొదలుపెడితే అప్పుడు అక్కడ ఉండి చూసినట్టే చెప్పేవాడు, వాళ్ళ తాత దగ్గర విన్న మాటలే అవన్నీ. 1876లో వానలు పోయాయి. తిండి లేక జనం రోడ్ల పక్కనే పడిపోయారు. కరువు పని కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పెడితే, ఒంగోలు మిషనరీ క్లౌ దొర, ఆయనకు సర్వేయింగ్ వచ్చు కాబట్టి, మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. మా తాతకు తాత అక్కడ మట్టి మోశాడు, అప్పటికి కుర్రాడు. ఆ కూలీల్లో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. బువ్వ కోసం వచ్చారో యేసు కోసం వచ్చారో తేలనప్పుడు ఇవ్వకూడదని దాదాపు పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. తవ్వకం అయిపోయింది, సాయం డబ్బులూ అయిపోయాయి, ఇక మా దగ్గర ఇవ్వడానికేం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడికొచ్చేసరికి తాత ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. "మా తాత తట్టలు మోశాడు, మోసినదానికి లెక్కగట్టి కూలి ఇచ్చారు. ఏట్లో దిగినప్పుడు మాత్రం నువ్వెన్ని తట్టలు మోశావురా అని ఎవురూ అడగలేదమ్మాయ్." చిన్నప్పటి నుంచీ విని విని ఆ మాట నాకు అరిగిపోయింది. వెల్లంపల్లి, 2,222, జూలై 3 అని సండే స్కూల్లో అడిగితే టకటకా చెప్పేదాన్ని. తాత ఏం చెబుతున్నాడో మాత్రం నాకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా తలకెక్కలేదు.

గుంటూరుకి నన్ను మా నాన్న చిలకలూరిపేట మీదుగా వెళ్ళే బస్సులో తీసుకొచ్చి హాస్టల్లో దింపాడు. ఒక రేకు పెట్టె, పరుపుచుట్ట, గోంగూర పచ్చడి సీసా. ఆ ఊరు మా లాంటివాళ్ళకి కొత్త కాదు. 1842లోనే లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చిన ఊరు, 1885 నుంచి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ ఉన్న ఊరు, మా పల్లెలో ఎవరికి జబ్బు ముదిరినా కుగ్లర్ ఆసుపత్రి పేరే ముందు చెప్పేవాళ్ళు. అయినా నాకు మొదటి నెలంతా ఏడుపే. రెండో నెలలో ఒక సీనియర్ వచ్చి "శనివారం సాయంత్రం బ్రాడీపేటలో బైబిలు స్టడీ ఉంది, వస్తావా చెల్లీ" అని అడిగింది.

అది యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) వాళ్ళ గ్రూపు. 1954లో మన దేశంలో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సహవాసం అది. మైకులు, స్టేజీలు, దండలు ఏమీ ఉండవు, విద్యార్థులే తోటి విద్యార్థులకి చెప్పుకోవడం దాని పద్ధతి. మేడ మీద ఒక గది, రెండు చాపలు, ఒక గిటారు. పదిహేను మందిమి కూర్చుంటే మోకాళ్ళు ఆనుకునేవి. అక్కడ మాకు బైబిలు చెప్పే అక్కది తెనాలి, బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రం కౌంటరు మూసి చీర కూడా మార్చుకోకుండా నేరుగా వచ్చేసేది. ఆవిడ ప్రశ్నలే అడిగేది ఎక్కువగా, జవాబు మమ్మల్నే వెతుక్కోమనేది. ఇంట్లో ప్రసంగాలు వినడమే అలవాటైన నాకు, ఒక వాక్యాన్ని పట్టుకుని గంటన్నర కూర్చోవచ్చని అక్కడే తెలిసింది. దసరా సెలవుల్లో క్యాంపుకి వెళ్ళొచ్చాక ఇక నాకు పట్టపగ్గాల్లేవు. హాస్టల్లో ప్రేయర్ సెల్ మొదలుపెట్టాను. పొద్దున ఐదున్నరకి మెస్ వెనక మెట్ల మీద నలుగురం కూర్చునేవాళ్ళం, పక్కనే గంజి వార్చే వాసన, ఆ చలికి శాలువాలు కప్పుకుని మెల్లిగా పాడుకునేవాళ్ళం, వార్డెన్‌కి వినపడకుండా. ఆ మెట్లు తలుచుకుంటే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అక్కడ ఉన్న ప్రేమ నిజమైనదే. నా నోటుబుక్కు సంగతి వేరు.

నా రూమ్మేట్‌ది వినుకొండ. పేరుతో కాకుండా ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళం అందరం. వాళ్ళ ఇంట్లో శివరాత్రికి కోటప్పకొండ తప్పదు, కార్తీక సోమవారాలు తప్పవు. పొద్దున నాలుగింటికే లేచి చదువుకునేది, ఎవరికి జ్వరమొచ్చినా మెస్‌కెళ్ళి పాలు తెచ్చిపెట్టేది, నా బకెట్టు కూడా నింపి పెట్టేది. నా లిస్టులో ఆమెది మొదటి పేరు. ఒకరోజు రాత్రి కరెంటు పోయినప్పుడు, చీకట్లో ఎక్కడికీ పోలేదు కదా అని, కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. మనుషులందరూ పాపులు, నువ్వూ పాపివే, నువ్వు చేసే మంచి పనులు నిన్ను రక్షించవు, అవన్నీ దేవుడి ముందు మురికి గుడ్డలు. చెప్పిందంతా బైబిల్లో ఉన్నదే. కానీ నేను పాపుల్లో నన్ను కలుపుకుని చెప్పలేదు, ఒడ్డున నిలబడి నీళ్ళల్లో ఉన్నవాళ్ళకి చెప్పినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కరెంటు వచ్చాక చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొద్దున లేచేసరికి నా బకెట్టు ఎప్పటిలాగే నిండి ఉంది. నోటుబుక్కులో ఆమె పేరు పక్కన ఒక టిక్కు పెట్టి "విన్నది, ఒప్పుకోలేదు" అని రాసుకున్నాను. ఆ రెండు ముక్కలు రాసిన చెయ్యి నాదేనా అని నాకిప్పుడు బాధేస్తుంది.

1996లో రెండో ఏడు రిజల్ట్స్ వచ్చాయి. నోటీసు బోర్డు ముందు తోసుకుంటూ వెళ్ళి చూస్తే లెక్కల్లో నాకు 28. పాసుకి 35 కావాలి. నేను లెక్కల్లో తప్పడం ఏమిటి, పదో తరగతిలో 97 వచ్చినదాన్ని. కానీ తప్పు ఎవరిదీ కాదు, నాదే, చదవాల్సిన టైంలో పుస్తకాల మధ్య పెట్టుకుని నోటుబుక్కు నింపుకున్నాను. హాస్టలంతా తెలిసిపోయింది. పొద్దున ఐదున్నరకి మెట్ల దగ్గరికి వెళ్ళడం మానేశాను. శనివారం బ్రాడీపేటకీ వెళ్ళలేదు. నన్ను చూసి దేవుణ్ణి నమ్మాల్సినవాళ్ళ ముందు నా సాక్ష్యం పాడైపోయింది, ఇక ఏ ముఖంతో ఎవరికి చెప్పను అని ఒకటే టెన్షన్. అంతకంటే లోపల ఇంకో మాట ఉంది, అది ఎవరికీ చెప్పలేదు: ఇంత చేశాను కదా ప్రభువా, 41 మందికి చెప్పాను కదా, ఏడు మార్కులు కలపలేకపోయావా? ప్రార్థన అనుకున్నాను గానీ అది ప్రార్థన కాదు, కూలి సరిగా ముట్టలేదని మేస్త్రీతో పెట్టుకున్న తగాదా.

మూడో శనివారం రాత్రి తెనాలి అక్క హాస్టల్‌కి వచ్చింది. విజిటర్స్ గదిలో చెక్కబల్ల మీద కూర్చున్నాం. ఓదార్పు మాటలేవో చెబుతుందనుకున్నాను. బైబిల్లో లూకా సువార్త పదిహేనో అధ్యాయం తీయమంది. తప్పిపోయిన కుమారుడు నాకు తెలుసు అక్కా అన్నాను. "చిన్నోడి గురించి తెలుసులే, నువ్వు 25వ వచనం నుంచి చదువు" అంది. పొలం నుంచి వస్తున్న పెద్దకొడుకు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో పాటలు, నాట్యం వినపడుతుంటే లోపలికి రానని బయటే నిలబడిపోయినవాడు. ఇన్నేళ్ళుగా నీకు చాకిరీ చేస్తున్నాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని తండ్రిని నిలదీసినవాడు. చదువుతూ చదువుతూ ఉంటే నా గొంతు ఆగిపోయింది. వాడి దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది.

అప్పుడు లేచి గదికెళ్ళి పెట్టె అడుగు నుంచి అది తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అక్క పేజీలు తిప్పింది, తిట్టలేదు. చాలాసేపటికి అడిగింది, "కృప అంటే ఏంటో హాస్టల్ పిల్లలకి నువ్వెలా చెబుతావు?" నేను గ్రేస్ మార్కుల ఉదాహరణ చెప్పేదాన్ని, అదే చెప్పాను. మనకి 30 వస్తాయి, యేసయ్య ఐదు కలిపి పాస్ చేస్తాడు. పిల్లలకి టక్కున అర్థమయ్యేది, నాకూ అందులో గర్వం ఉండేది. అక్క తల అడ్డంగా ఊపింది. "అయితే ముప్పై నీవి, ఐదు ఆయనవి. నీ వాటానే ఎక్కువ కదా" అంది. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం, ఎనిమిదో వచనం నన్నే చెప్పమంది. చూడకుండా చెప్పాను: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాను ఆ వచనం! "మీవలన కలిగినది కాదు" అనే మాట దగ్గర ఆ రాత్రి మొదటిసారి ఆగాను.

తర్వాత ఆవిడ రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో ఇంకొకటి చూపించింది: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." జీతం అడిగే హక్కు కూలివాడికి ఉంటుంది, కొడుక్కి ఆ అవసరమే ఉండదు అంది. నాకు ఒక్కసారిగా మా తాత గొంతు వినపడింది. ఏట్లో దిగినప్పుడు నువ్వెన్ని తట్టలు మోశావురా అని ఎవురూ అడగలేదమ్మాయ్. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టి, ఆ కథ తింటూ పెరిగి, నేను గుంటూరొచ్చి దేవుడికి కాలువ తవ్వుతున్నాను. ఆ చెక్కబల్ల మీద ఎంత ఏడ్చానో, వాచ్‌మన్ వచ్చి గేటు వేసే టైమైందని చెప్పేదాకా ఏడ్చాను. నా రక్షణ అనుభవం, అంటే యేసుని నిజంగా నమ్ముకున్న రోజు, ఎప్పుడని ఎవరైనా అడిగితే, పధ్నాలుగేళ్ళప్పుడు కూటాల్లో చెయ్యెత్తిన రోజు చెప్పాలో ఈ రాత్రి చెప్పాలో నాకు తెలియదు, కానీ మనసు మాత్రం ఈ రాత్రి దగ్గరికే వెళుతుంది.

గదికి వచ్చి వినుకొండని లేపాను. ఆ కరెంటు పోయిన రాత్రి అలా మాట్లాడినందుకు క్షమించమన్నాను. ఆమె నిద్రమత్తులోనే "ఎప్పుడో మర్చిపోయానే" అని, "నాలుగింటికి లేపుతాను, సప్లిమెంటరీకి నేను చెబుతాను లెక్కలు" అంది. చెప్పింది. అక్టోబరు దాకా రోజూ నాలుగింటికి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, తన చదువు పక్కన పెట్టి నాకు చెప్పింది. ఎందుకే ఇంత చేస్తావు, నేనేమిచ్చి తీర్చుకోను అంటే విసుక్కునేది. కృప అంటే ఎలా ఉంటుందో నాకు చూపించడానికి దేవుడు ఆ అమ్మాయిని వాడుకున్నాడనే నేను నమ్ముతాను. సప్లిమెంటరీలో 71 వచ్చాయి.

నోటుబుక్కు చింపలేదు, మిగిలిన పేజీల్లో ఇంటిగ్రేషన్ లెక్కలు చేశాను. ఆ ఏడాదే ఆమె తనంతట తాను అడిగింది, ఆ రాత్రి ఏం చదివి అంత ఏడ్చావు, ఇటివ్వు అని. లూకా పదిహేను చదివి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ అన్న పొలం గొడవల్లో నాన్నతో పడి హైదరాబాదు వెళ్ళిపోయి అప్పటికి రెండేళ్ళు, వాడు మళ్ళీ గడప తొక్కితే నరుకుతానని వాళ్ళ నాన్న కూర్చున్నాడు. "ఈ కథలో నాన్న మా నాన్నలా లేడే" అంది అంతే. నేను ఏమీ చెప్పలేదు. నోట్లో పది వచనాలు తిరుగుతున్నా ఊరుకున్నాను.

ఇప్పుడు ఒంగోలులో లెక్కల టీచర్ని. ఆదివారం మధ్యాహ్నం గుడి అయ్యాక మా ఇంటికి ఆరేడుగురు పిల్లలు వస్తారు, ఇంజనీరింగ్, నర్సింగ్, ఒకరిద్దరు డిగ్రీ. అందరూ క్రైస్తవులేం కాదు. ముందు అన్నం, తర్వాత మాటలు, అడిగినవాళ్ళకే బైబిలు. ఈ తరం పిల్లలకి కృప చెప్పడం మాకంటే కష్టం, ఎందుకంటే వాళ్ళకి ఎల్‌కేజీ నుంచీ ర్యాంకు తప్ప ఇంకో భాష తెలియనివ్వలేదు మనం. చర్చిలోకి వచ్చినా అదే. ర్యాంకు వస్తే నలభై రోజులు ఉపవాసం, ఉద్యోగం వస్తే మొదటి జీతం కానుక, ఇంత విత్తితే అంత కోస్తావు అని టీవీలో ప్రసంగాలు. నాకు ఒళ్ళు మండుతుంది ఇవి వింటే. అది మళ్ళీ కాలువ పనే. ఉపవాసం చెయ్యండి, ఇవ్వండి, కానీ కొడుకుల్లా చెయ్యండర్రా, బేరగాళ్ళలా కాదు అని చెబుతుంటాను.

గ్రేస్ మార్కుల ఉదాహరణ మానేశాను. కొన్నాళ్ళు ఇంకోటి చెప్పాను: మనం ఖాళీ పేపరిచ్చాం, ఆయన నూటికి నూరు రాసి ఆ పేపరు మీద మన హాల్ టికెట్ నంబరు వేశాడు అని. ఒక ఇంజనీరింగ్ పిల్ల వెంటనే "అది మాల్‌ప్రాక్టీస్ కదా టీచర్" అంది. మంచి ప్రశ్న, నాకు చాలా నచ్చింది. నిజమే, ఊరికే పేపర్లు మార్చేస్తే అది అన్యాయమే. అందుకే ఆ ఉదాహరణ అక్కడితో ఆగిపోతుంది, సిలువ దగ్గరికి వెళ్ళాల్సిందే. పాపమెరుగని ఆయనను మనకోసం పాపముగా చేసెను అని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. మన పేపరు మీద ఆయన నంబరు పడింది, ఆ శిక్ష ఆయనే తీసుకున్నాడు, దాచిపెట్టి కాదు, పట్టపగలు, ఊరి వెలుపల, అందరూ చూస్తుండగా. ఆ పిల్ల ఒప్పుకుందో లేదో నేను అడగలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది, ఇంకో రెండు ప్రశ్నలతో.

యాప్ చూసుకుని ఏడ్చిన అమ్మాయికి మొన్న ఇదంతా చెప్పలేదు. పప్పుచారు అన్నం పెట్టి, మా తాత మాట ఒక్కటే చెప్పాను.

వినుకొండ ఇప్పటికీ నా స్నేహితురాలే. శివరాత్రికి ఇప్పటికీ కోటప్పకొండకే వెళుతుంది. 2009లో వాళ్ళ నాన్నకి బాగాలేక గుంటూరులో ఆసుపత్రిలో పెట్టారు. పెళ్ళయినా ఆయన్ని చూసుకున్నదంతా తనే, అన్న అప్పటికీ రాలేదు. ఒక రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. "నాన్న నిద్రపోవట్లేదే. అన్నయ్య, అన్నయ్య అంటున్నాడు. నీ పుస్తకంలో కథ ఉంది కదా, ఇంట్లోంచి వెళ్ళిపోయినవాడిది, అది చెప్పవా? స్పీకర్ పెడతాను."

చెప్పాను. వచనాలు కాదు, మా ఊరి మాటల్లో చెప్పాను. ఆస్తి పంచుకుని పోవడం, అంతా తగలేసుకోవడం, పందులు కాయడం, తిరిగి రావడం. వాడింకా దూరంగా ఉండగానే తండ్రి చూసి పరిగెత్తాడని చెప్పినప్పుడు అవతల నుంచి ఏమీ వినపడలేదు, ఏదో మిషన్ చప్పుడు తప్ప. కాసేపటికి ఆయన అడిగాడు, "మరి ఇంట్లోనే ఉన్న బిడ్డ సంగతేంటమ్మా?"

"ఆ బిడ్డ కోసం కూడా నాన్నే బయటికొచ్చాడు బాబాయ్. నాదంతా నీదే కదా, లోపలికి రమ్మని బతిమాలాడు."

ఆయనేం అన్నాడో నాకు వినపడలేదు, ఫోన్‌కి దూరంగా ఆమెతో ఏదో అన్నాడు. తర్వాత ఆమె గొంతు వచ్చింది, జలుబు చేసినట్టు. "పెట్టెయ్యకే. మొదట్నుంచి ఇంకోసారి చెప్పు."